మిర్చి ఘాటు అనుకున్న మచ్చ

నడుము పట్టెయ్యకపోతే ఈ సంగతి ఇంకెన్నాళ్లు దాచేవాడినో నాకే తెలియదు.

2024 నవంబర్. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో నేను గుమస్తాని. పత్తి సీజన్ ఊపు మీదుంది. ఆ రోజు బస్తాల పైనుంచి దిగబోయి కాలు జారి కూలబడ్డాను. లేవలేకపోతే ఇద్దరు హమాలీలు రెక్కలు పట్టుకుని దగ్గర్లోని ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు నొప్పికి ఇంజెక్షన్ రాశాడు. తెర వెనక సిస్టర్ సూది పట్టుకుని, "బెల్టు వదులు చెయ్యన్నా" అంది. ఎడమ పక్కన పొడవబోయి ఆగిపోయింది.

"ఇదేందన్నా? ఎన్ని దినాల సంది ఉన్నది?"

"తామరమ్మా. మిర్చి ఘాటుకు వచ్చింది. మందు రాస్తున్న."

"తామర ఇట్లుండదే" అంటూ కుడి పక్కన పొడిచి, డాక్టర్‌ని పిలిచింది. ఆయన వంగి చూసి, చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపించమని చీటీ రాశాడు. నడుము నొప్పి మూడు రోజుల్లో పోయింది. చీటీ ఇంకో రెండు వారాలు చొక్కా జేబులోనే ఉంది. చొక్కా ఉతకబోతూ మా ఆవిడ దాన్ని చదవకపోతే అక్కడే చినిగిపోయేది.

ఆ మచ్చ మొదలైనప్పుడు శనగ గింజంతే. 2021 చివర్లో అనుకుంటా, స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. ఎడమ పిర్ర మీద, తుంటి వైపు. నొప్పి లేదు, దురద కూడా పెద్దగా లేదు. పొద్దస్తమానం బస్తాల మీద, గోనెపట్టాల మీద కూర్చుని కాంటా లెక్కలు, తక్‌పట్టీలు, అంటే రైతుకు తూకం, ధర రాసిచ్చే కాగితాలు, రాసే పని నాది. మిర్చి సీజన్‌లో అయితే మార్కెట్‌లో గాలే మంట. యార్డులోకి కొత్తగా వచ్చినవాళ్లు గేటు దాటగానే తుమ్ముతారు, మాకు అలవాటైపోయింది. దగ్గొచ్చినా, కళ్లు ఎర్రబడినా, ఒళ్లు దద్దుర్లు లేచినా మేం మిర్చి ఖాతాలోనే రాస్తాం. దీన్నీ అక్కడే రాశాను.

మందుల షాపులో "తొడ దగ్గర తామర" అని అబద్ధం చెప్పాను. ఉన్న చోటు చెప్పడానికి సిగ్గు. ఆ అబ్బాయి చూపించమనలేదు, నేను చూపిస్తాననలేదు. ఒక ట్యూబ్ ఇచ్చాడు. ఫంగస్‌కు ఒకటి, చీముకు ఒకటి, ఎరుపు తగ్గడానికి ఒక స్టెరాయిడ్, మూడూ కలిపిన క్రీమ్ అది. నాలుగు రోజులు రాస్తే మెత్తబడేది, ఎరుపు తగ్గేది. మానేస్తే పది రోజుల్లో మళ్లీ లేచేది. నేను దాన్ని 'మందు పనిచేస్తోంది' అని లెక్క కట్టుకున్నాను. ఇంత స్టెరాయిడ్ ఉన్న పూతమందులు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం రూలు పెట్టిందని తర్వాత చర్మం డాక్టర్ మేడం చెబితే తెలిసింది. మూడేళ్లలో నన్ను చీటీ అడిగినవాడు లేడు. ఊళ్లో ఆర్ఎంపీ ఇంకో ట్యూబ్ ఇచ్చాడు. మా అమ్మ వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించింది. మూడేళ్లలో దాన్ని కళ్లతో చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. మా ఆవిడకు కూడా "సెగగడ్డలు" అని చెప్పి లైటు ఆర్పేసేవాడిని.

డిసెంబర్ మొదట్లో ఎంజీఎం ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లాను. మా ఆవిడ పక్కన ఉండబట్టే వెళ్లానని ఒప్పుకోవాలి. లోపల మేడం, ఆమె దగ్గర చదువుకునే పిల్లలు ఇద్దరు ఉన్నారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. నాకు చెమటలు పట్టాయి. మేడం అది గమనించి ఆ అమ్మాయిని తెర అవతల కూర్చుని రాసుకోమంది. నాతో, "మా దగ్గరికి అందరూ దాచుకునేటివే పట్టుకొస్తరు. మీదేం కొత్త కాదు" అంది.

పడుకోబెట్టి ముందు చూడనే లేదు. అడగడం మొదలుపెట్టింది. ఎప్పుడు మొదలైంది, ఎటు పాకింది, రాత్రుళ్లు దురద పెడుతుందా, ఎండలో మండుతుందా, ఎప్పుడైనా అక్కడ ముల్లు గుచ్చుకుందా, దెబ్బ తగిలిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ముల్లు సంగతి ఎందుకని నవ్వొచ్చింది. పొలం పనుల్లో ముల్లు గుచ్చుకున్న చోట లోతుగా పెరిగే ఫంగస్ కూడా అచ్చం ఇలాగే ఉంటుందట. "దగ్గు ఉందా? బరువు తగ్గారా? ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?" అంటే అన్నిటికీ లేదన్నాను. చర్మం డాక్టర్‌కు దగ్గుతో పనేంటి అనుకున్నాను.

తర్వాత కిటికీ పక్కన మంచం మీద బోర్లా పడుకోబెట్టారు. ఆ అబ్బాయి పక్కన చిన్న స్కేలు పెట్టి ఫోటో తీశాడు. "నాకూ చూపించు తమ్మీ" అని అడిగాను. మూడేళ్లుగా నా ఒంటి మీదున్నదాన్ని సరిగ్గా చూడటం నాకదే మొదటిసారి. అద్దంలో మెడ తిప్పి చూసుకున్నది వేరు, ఇది వేరు. అరచేయంత ఉంది. స్కేలు మీద పొడవు పదకొండు సెంటీమీటర్లు. బయటి అంచు ఎత్తుగా, ఎర్రటి గోధుమ రంగులో, పైన సన్నటి పొలుసుతో వంకర టింకరగా పాకింది. మధ్యలో చర్మం పలచబడి, తెల్లబడి, ఉల్లిపొరలా ముడతలు పడింది. ఎండాకాలం చెరువు మధ్యలో ఎండిపోయి ఒక ఒడ్డున బురద మిగిలినట్టు. ఆ ఎండిన భాగంలోనే మళ్లీ రెండు చిన్న గుల్లలు మొలిచాయి. మేడం ఆ రెండింటినే ఎక్కువసేపు చూసింది.

"తామర అయితే మధ్యలో మామూలు చర్మం ఉంటది, మచ్చ కట్టదు. ఇది ఒక దిక్కు మానుకుంట ఇంకో దిక్కు పాకుతున్నది. మానిన జాగలనే మళ్లా లేస్తున్నది" అని పిల్లలకు చెబుతుంటే, నా ఎదుటే నా పంటకు ధర కడుతున్నట్టు అనిపించింది.

అంచు దగ్గర బ్లేడుతో గీకి పొలుసు తీశారు. గాజు పలక మీద వేసి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే చర్మం పొలుసు కరిగిపోయి, ఫంగస్ ఉంటే దాని పోగులు మైక్రోస్కోప్‌లో కొమ్మల్లా కనిపిస్తాయట. కనిపించలేదు. అయినా మేడం తొందరపడలేదు. "మూడేండ్లు క్రీములు రాసినవ్. అసలు రూపం మారిపోయుంటది. మూడు వారాలు ఏదీ రాయకు, కొబ్బరి నూనె తప్ప" అని పంపేసింది.

ఆ మూడు వారాలు నరకం. స్టెరాయిడ్ మానేసరికి అంచంతా ఎర్రగా లేచింది. కూర్చుంటే మంట. తక్‌పట్టీలు నిలబడి రాశాను. "ఏమైంది భయ్, మొలలా?" అని సేటు నలుగురిలో అడిగాడు. అవునన్నాను. మొలలంటే పరువు పోదు చూడండి, అదే విచిత్రం.

మళ్లీ వెళ్లేసరికి మచ్చ ముసుగు తీసినట్టుంది. ఈసారి గీకిన పొలుసులోనూ ఫంగస్ లేదు. అప్పుడు మేడం దూది పోగు ఒకటి సన్నగా మెలి తిప్పి, "కండ్లు మూసుకో. తగిలినప్పుడల్లా 'ఆ' అను" అంది. నాకు గుండె జారిపోయింది. ఈ పరీక్ష ఎందుకో మా ఊరోళ్లెవరికైనా తెలుసు. చిన్నప్పుడు బడికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త మచ్చలున్న పిల్లలందరికీ ఇలాగే చేసింది. కుష్టు మచ్చ అయితే అక్కడ స్పర్శ ఉండదు. నేను ఊపిరి బిగబట్టి, తగలనప్పుడు కూడా రెండుసార్లు 'ఆ' అన్నాను. మేడం నవ్వి, "నిజం చెప్పు, మార్కులు ఎయ్యం" అంది. తర్వాత వేడి నీళ్లు, చల్ల నీళ్లు పోసిన గాజు గొట్టాలు మార్చి మార్చి ఆనించారు. మోచేయి వెనక, మోకాలి పక్కన, మెడ మీద నరాలు వేళ్లతో తడిమి చూశారు. కుష్టులో ఈ నరాలు లావెక్కుతాయి. నావి మామూలుగానే ఉన్నాయి, స్పర్శ అంతా ఉంది. ఒకవేళ అదే అయినా మందులతో పూర్తిగా నయమవుతుందని మేడం అంటూనే ఉంది, నాకు మాత్రం ఆ పది నిమిషాల్లో మా అమ్మాయి పెళ్లి సంబంధాల దాకా అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

ఆ తర్వాత జరిగింది చిన్న పనే, కానీ నేను ఎక్కువగా చెప్పుకునేది దాని గురించే. మేడం మైక్రోస్కోప్ కింద పెట్టే మామూలు గాజు పలకను తీసుకుని మచ్చ అంచు మీద గట్టిగా అదిమింది. అదిమితే రక్తం పక్కకు తప్పుకుంటుంది, ఎరుపు పోతుంది. ఎరుపు పోయాక ఏం మిగులుతుందన్నదే చూడాలి. మన రంగు చర్మం మీద ఇది తేలిగ్గా కనపడదని, నన్ను ఇంకొంచెం కిటికీ వైపు జరిపి, మూడుసార్లు అదిమింది. పిల్లలిద్దరినీ పిలిచి చూపించింది. "కనిపిస్తుందా? ఆపిల్ జెల్లీ." వాళ్లు తలలూపారు. నేను మళ్లీ ఫోటో అడిగాను. గాజు కింద చర్మం పాలిపోయి ఉంది, అందులో అక్కడక్కడా పసుపు, గోధుమ కలిసిన చుక్కలు. ఆపిల్ జెల్లీ నేనెప్పుడూ తినలేదు. నాకైతే బెల్లం పాకం పళ్లెంలో చుక్క వేసి చూసినట్టుంది.

ఆ రంగు అక్కడ కణాలు గుంపులు కట్టి కూర్చున్నాయని చెబుతుందట. అలా గుంపు కట్టే జబ్బులు నాలుగైదు ఉన్నాయి, కాబట్టి గాజు పలక ఒక్కటే చాలదు, ముక్క తీయాలంది.

"కోస్తారా?" అన్నాను.

"మీ మార్కెట్ల మక్కల బస్తాకు గొట్టం గుచ్చి చూడరా? అంతే."

ఆమె అంత బాగా చెబుతుందని అనుకోలేదు. నిజమే కదా, పైన కనపడే గింజలు చూసి ఎవరూ ధర కట్టరు. మత్తు సూది మంట క్షణమే. ఆ తర్వాత నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి గొట్టం తిప్పుతుంటే ఒత్తిడి తప్ప ఏమీ తెలియలేదు. గొట్టం దింపింది మధ్యలో మానిన చోట కాదు, లేచిన అంచు మీద. జబ్బు బతికున్న చోట తీస్తేనే శాంపిల్. రెండు ముక్కలు తీశారు. ఒకటి ఫార్మలిన్ సీసాలో, ఇంకోటి ఉప్పునీళ్లలో. ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోతాయి, కాబట్టి క్రిమిని పెంచి చూసే పరీక్షకు వేరే ముక్క కావాలి. ఒక్కో చోట ఒక్కో కుట్టు వేశారు. టీబీ క్రిమి ఒంట్లోకి చేరిందేమో చూసే మాంటూ పరీక్ష సూదిని ముంజేతి లోపలి వైపు చర్మంలోకి వేసి, రెండు రోజులయ్యాక, మూడు రోజులు నిండేలోపు రమ్మన్నారు. ఛాతీ ఎక్స్‌రే, షుగరు, హెచ్ఐవీ, లివర్ పరీక్షలు రాశారు.

మాంటూ చూసేటప్పుడు ఎర్రదనాన్ని కొలవరు, వేలికి గట్టిగా తగిలే ఉబ్బునే కొలుస్తారు. నాది పద్దెనిమిది మిల్లీమీటర్లు.

ముక్క రిపోర్టు రావడానికి పదకొండు రోజులు పట్టింది. రిపోర్టు మా బామ్మర్ది తెచ్చాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని దారిలోనే ఫోన్లో వెతికేశాడు. 'లూపస్ వల్గారిస్' అన్న దాంట్లో మొదటి మాట ఒక్కటే కొట్టాడు. కిడ్నీలు, గుండె, కీళ్లు అని ఏవేవో వచ్చాయి. ఇంటికొచ్చి, "బావా, నువ్వేం టెన్షన్ పెట్టుకోకు" అన్నాడు. అలా అన్నాడంటే టెన్షన్ పెట్టుకోవాల్సిందే అని అర్థం. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

మేడం విని తల పట్టుకుంది. లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. తోడేలు కొరికినట్టు చర్మాన్ని తినేసే జబ్బులకు వెనకటి డాక్టర్లు ఆ పేరు పెట్టారు. మా బామ్మర్ది చూసిన లూపస్ వేరు, నాది వేరు. నాది చర్మానికి వచ్చే టీబీ.

"చర్మానికి టీబీ వస్తదా మేడం?" అంటే, "గోర్లు, వెంట్రుకలు తప్ప దేనికైనా వస్తది" అంది.

ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. దగ్గు లేదు. కాబట్టి నా నుంచి ఇంట్లోవాళ్లకు గాలి ద్వారా అంటుకునే భయం లేదు. అయినా మా అమ్మ ఆ రోజు నుంచి నా గ్లాసు వేరు చేసింది, నేనేమీ అనలేదు. అమ్మ కళ్ల ముందు మా తాత ఉన్నాడు. టీబీ అన్న మాట వినగానే ఆమే గుర్తు చేసింది: నాకు ఆరేళ్లప్పుడు తాత రెండేళ్లు దగ్గి దగ్గి పోయాడు. వాకిట్లో నులక మంచం, పక్కన బూడిద పోసిన మట్టి చిప్ప, ఆ వాకిట్లోనే చెడ్డీ లేకుండా ఆడుకునే నేను. మొదటి రోజు 'ఇంట్లో టీబీ ఎవరికైనా' అని అడిగితే లేదన్నది నేనే. "అప్పుడే వచ్చిందని చెప్పలేం, కాదనీ చెప్పలేం. క్రిమి లోపల ఏండ్ల తరబడి పడుకుని ఉంటది" అంది మేడం.

నేను లెక్కల మనిషిని కదా, రిపోర్టులో ఒక చోట పట్టుకున్నాను. ముక్కలో టీబీ క్రిమి కనపడలేదని రాసి ఉంది. క్రిమి జన్యువును వెతికి రెండు గంటల్లో తేల్చే సీబీనాట్ యంత్రంలోనూ దొరకలేదు. "క్రిమి దొరకనప్పుడు టీబీ అని ఎట్ల రాస్తరు మేడం? కాంటా ఎయ్యకుండ తక్‌పట్టీ రాసినట్టు కాదా?"

ఆమె విసుక్కోలేదు. కాగితం మీద బొమ్మ గీసింది. ఈ రకం చర్మం టీబీ వచ్చేది రోగనిరోధక శక్తి బాగున్నవాళ్లకే. శరీరం గట్టిగా కొట్లాడుతుంది కాబట్టి ముక్కలో క్రిములు చాలా కొద్దిగా ఉంటాయి, మైక్రోస్కోప్‌కు చిక్కవు. మాంటూ అంతలా పొంగింది కూడా అందుకే. కొట్లాడటానికి వచ్చిన కణాలు మాత్రం గుంపులుగా దొరుకుతాయి. వాటిలో కొన్ని కలిసిపోయి ఒకే పెద్ద కణమై, దాని లోపలి చుక్కలు గుర్రపు నాడాలా వరస కడతాయి. అవి నా ముక్కలో ఉన్నాయి. "దొంగ దొరకలేదు గానీ పోలీసులంతా ఆ ఇంటి చుట్టే నిలబడ్డరు. గాజు పలక, ముక్క, మాంటూ, మచ్చ పాకే తీరు, నాలుగూ ఒక్క దిక్కే చూపిస్తున్నయ్. మందు మొదలుపెడ్దాం. ఆరు వారాల్ల తగ్గకపోతే నేనే తప్పని ఒప్పుకుంటా, మళ్లా మొదటి నుంచి చూద్దాం."

డాక్టరు తన లెక్క తప్పొచ్చని ముందే చెప్పడం నేను అంతకుముందు వినలేదు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

2025 జనవరి చివర్లో మందులు మొదలయ్యాయి. మా బస్తీ ఆరోగ్య కేంద్రంలోనే, పైసా ఖర్చు లేకుండా. నా బరువు అరవై రెండు కిలోలు కాబట్టి రోజూ పొద్దున నాలుగు పెద్ద మాత్రలు. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే ముందే చెప్పినా ఉలిక్కిపడ్డాను. పౌష్టికాహారానికని నెలకు వెయ్యి రూపాయలు నా బ్యాంకు ఖాతాలో వేశారు. మొదటి నెల వాంతి వచ్చినట్టుండేది, మాత్రలు మింగి మార్కెట్‌కు వెళ్లి మిర్చి బస్తాల మధ్య కూర్చోవడం కష్టమైంది. సరిగ్గా ఆ రోజులే మిర్చి సీజన్. ఘాటుకే అయితే అప్పుడు పెరగాలి కదా మచ్చ. పెరగలేదు.

మార్చి రెండో వారంలో చూపించుకోవడానికి వెళ్లాను. వేలితో తడిమితేనే తెలుస్తోంది, అంచు అణిగిపోయింది. మేడం ఏమీ అనలేదు గానీ ఆ అబ్బాయికి పాత ఫోటో పక్కన పెట్టమంది. పెంచి చూద్దామని పంపిన ముక్కలో ఎనిమిది వారాలైనా క్రిమి పెరగలేదని కాగితం వచ్చింది. అప్పటికి ఆ కాగితం గురించి నాకు దిగులు లేదు. ఆ రోజే ఆ అబ్బాయి ఒక ముచ్చట చెప్పాడు. మందులు లేని కాలంలో ఫిన్సెన్ అనే డెన్మార్క్ డాక్టరు ఇదే జబ్బును వెలుతురుతో నయం చేసి 1903లో నోబెల్ తెచ్చుకున్నాడట. నేను మూడేళ్లు లైటు ఆర్పి దాచుకున్న జబ్బు అది.

జూలై చివరికి ఆరు నెలలు నిండాయి. చివరిసారి వెళ్లినప్పుడు నేనే అడిగాను, "మేడం, ఆ గాజు పలక ఒకసారి పెట్టి చూడరా?" అని. ఆమె నవ్వి, కిటికీ వైపు జరగమంది. ఈసారి సిగ్గు పడేంత తీరిక కూడా నాకు లేదు. ఆ అమ్మాయి కూడా లోపలే నిలబడింది. గాజు అదిమారు. ఫోటో తీశారు. నేను చెయ్యి చాపాను.

ముడతలు పడ్డ పలచటి చర్మం అలాగే ఉంది, అది పోదట. కుట్లు వేసిన చోట రెండు చుక్కలున్నాయి. గాజు కింద బెల్లం రంగు ఎక్కడా లేదు. ఫోన్ వెనక్కి ఇచ్చేసి బెల్టు బిగించుకున్నాను. అప్పటికే మేడం తర్వాతి నంబరు పిలిచింది.